నీళ్లు తాగకుండా చేసే ప్రయాణాలు

మా అమ్మ రైలెక్కాల్సిన రోజు పొద్దున్నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. రాత్రి ఎనిమిదికి బండి అయితే సాయంత్రం కాఫీ కూడా వద్దంటుంది. ఒక్క మా అమ్మే కాదు, మా పిన్ని, మేనత్తలు, మా వీధిలో ఆడవాళ్లు ఎవరిని కదిపినా ఇదే అలవాటు. బోగీలో బాత్రూం ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. బండి ఊగుతుంటే అక్కడిదాకా సీట్లు పట్టుకుంటూ నడవాలనీ, లోపల నేలంతా తడిగా ఉంటుందనీ తెలుసు. అందుకని గొంతు ఎండబెట్టుకునే ప్రయాణం చేస్తారు. దిగేసరికి తలనొప్పి, పిక్కలు పట్టేయడం, మర్నాటికి మూత్రంలో మంట. బీపీ, షుగరు మాత్రలు వేసుకునే మనిషికి ఇది చిన్న విషయం కాదు. ప్లాట్‌ఫాం మీద కళ్లు తిరిగి కూలబడితే మాత్రం "పాపం, ఎండకి తట్టుకోలేకపోయింది" అనేస్తాం.

దీన్నంతా మనం సౌకర్యాల లెక్కలో వేసి వదిలేస్తాం. బాత్రూం బాగోలేదు, ఒక్క రాత్రే కదా, సర్దుకుపోవాలి అంటాం. భద్రత అంటే మనకు వేరే సంగతి. అది ప్రమాదాలకు, లైఫ్ జాకెట్లకు, సీటు బెల్టులకు సంబంధించింది. నేను చెప్పదలుచుకున్నది ఏమిటంటే, ఈ రెండూ వేరు కావు. ప్రయాణంలో మనిషి ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో అక్కడే ప్రమాదం తెచ్చే పని చేస్తాడు. ఉక్కపోస్తే జాకెట్ విప్పుతాడు. లోపల చోటు లేకపోతే తలుపు దగ్గర కూర్చుంటాడు. సీటు బెల్టు పొట్టకు ఒత్తుకుంటే ఊడదీస్తాడు. జరగరానిది జరిగాక "మన జనానికి క్రమశిక్షణ లేదు" అని టీవీలో, వాట్సాప్‌లో తీర్పులు వచ్చేస్తాయి. ఆ తీర్పును నేను ఒప్పుకోను.

గోదావరి సంగతే తీసుకోండి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న రాయల్ వశిష్ట పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. గండి పోచమ్మ గుడి దగ్గర 70 మందికి పైగా ఎక్కిన ఆ పడవలోంచి ప్రాణాలతో బయటపడింది 26 మందే. నది అప్పుడు వరద మీద ఉంది. మునుగుతున్న వాళ్లను ముందుగా చూసి తమ పడవలు వేసుకుని పరుగెత్తింది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. పడవ లోతైన చోట కూరుకుపోవడంతో దాన్ని పైకి తీయడానికి నెల రోజులకు పైగా పట్టింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు లాగింది. లోపల ఇంకా మృతదేహాలు ఉన్నాయి.

అప్పట్లో పేపర్లలో వచ్చిన ఒక మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. భోజనాల వేళ కావడంతో చాలామంది లైఫ్ జాకెట్లు తీసి పక్కన పెట్టారట. బతికినవాళ్లే చెప్పారు. ఆ మాట విని "చూశారా, ఎంత నిర్లక్ష్యమో" అన్నవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. అసలు ఎందుకు తీశారో అడిగినవాళ్లు తక్కువ.

ఎందుకు తీస్తారో నాకు తర్వాత బాగా అర్థమైంది. పడవలు మళ్లీ తిరగడం మొదలయ్యాక మేమూ ఇంటిల్లిపాదీ పాపికొండలు వెళ్లాం. ఎక్కగానే కుర్రాడొకడు జాకెట్ల మూట తెచ్చి మధ్యలో పడేశాడు. నా చేతికొచ్చినదానికి ముందురోజు తడి ఇంకా ఆరలేదు. మాసిన బట్టల వాసన. నడుము దగ్గర ఉండాల్సిన క్లిప్పు విరిగిపోతే దాని బదులు పట్టీలు రెండూ ముడేశారు. ముడి విప్పాలంటే గోళ్లు అరిగిపోవాలి, కాబట్టి తల దూర్చి తొడుక్కోవడమే. మా అక్క కూతురు చిన్నపిల్ల. దానికీ పెద్దవాళ్ల జాకెట్టే ఇచ్చారు. భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తితే జాకెట్ చెవులు దాటి పైకి వచ్చేసింది. నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది. పిల్లల సైజు ఉందా అని మా బావగారు అడిగితే, "ఏం కాదు సార్, చెకింగ్ పాయింట్ దాటేదాకా ఉంచండి, తర్వాత మీ ఇష్టం" అన్నాడా కుర్రాడు. బావగారు గొడవపడితే చివరికి ఎక్కడో అటక మీంచి రెండు చిన్న జాకెట్లు దిగాయి. అంటే ఉన్నాయి, కానీ అడిగితేనే ఇస్తారు.

ఇప్పుడు ఎండలో, ఇంజిన్ వేడిలో, అంత లావు ఫోము ఒంటికి కట్టుకుని పులిహోర, పెరుగన్నం తినమంటే ఎవరు తింటారు? చెమటకు దురద పుడుతుంది, చెయ్యి సరిగా ఆడదు, ఒళ్లో పిల్లాడుంటే అసలే కుదరదు. తీసేస్తారు. మనిషి ఒంటి మీద నాలుగైదు గంటలు ఉండాల్సిన వస్తువు అన్నిసేపు భరించేలా ఉండాలి కదా. పొడిగా, శుభ్రంగా, సైజుల వారీగా, క్లిప్పులు పడేలా ఉంటే సగం మంది తీయాలన్న ఆలోచనే చేయరు. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు. వాడిన జాకెట్లు రోజూ ఉతికి తీగ మీద ఆరేసే మనిషి ఒకడు కావాలి, అంతే. లైసెన్సు ఇచ్చేవాళ్లు "జాకెట్లు ఎన్ని ఉన్నాయి" అని లెక్క పెట్టుకుని పోతారు. అవి వేసుకోదగ్గవా కాదా అని ఒక్కటైనా ఒంటికి వేసుకుని చూస్తే బాగుండు.

మనవైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాటి వస్తే అది మీకు పనికిరాదు. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉందో లేదో చూడండి. ఏసీ హాలు ఎంత చల్లగా ఉన్నా, అద్దాలు బిగించిన కింది అంతస్తులో తలుపుకి దూరంగా కూర్చోకండి. పడవ ఒరిగితే అక్కడినుంచి బయటపడటం చాలా కష్టం. ఇక ఆ రోజు నది ఉరవడి మీద ఉందనిపిస్తే, టికెట్ డబ్బులు పోయినా సరే, ఒడ్డునే ఉండిపోండి. కృష్ణలోనూ చూశాం. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం చూడటానికి బయల్దేరిన పడవ బోల్తా పడింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా కలిసి వచ్చిన వాకర్స్ క్లబ్ వాళ్లు, వాళ్ల కుటుంబాలు.

సముద్రం సంగతి కొంచెం వేరు. 2024 డిసెంబరు 18న ముంబయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి ఎలిఫెంటాకు వెళ్తున్న నీల్ కమల్ ఫెర్రీని, ఇంజిన్ పరీక్షిస్తున్న నేవీ స్పీడ్‌బోటు వచ్చి గుద్దింది. ఫెర్రీలో అనుమతికి మించి జనం ఉన్నారు. ఆ తర్వాతే అక్కడి ఫెర్రీల్లో జాకెట్ తప్పనిసరి అన్నారు. పెద్ద ఓడల్లో జాకెట్ రోజంతా వేసుకోనక్కర్లేదు. అక్కడ ముఖ్యమైనది ఎక్కగానే చేయించే డ్రిల్లు. 2012 జనవరి 13న ఇటలీలో గిగ్లియో ద్వీపం దగ్గర కోస్టా కంకార్డియా ఓడ రాయికి కొట్టుకుని ఒరిగినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన కొన్ని వందల మందికి ఇంకా డ్రిల్లు జరగనే లేదు, మర్నాటికి పెట్టుకున్నారు. ఇప్పుడు ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే చేయించాలని అంతర్జాతీయ నియమం వచ్చింది. విశాఖ నుంచి క్రూయిజ్ ఎక్కే మనవాళ్లు ఆ పావుగంటను బఫే లైన్లో గడపకుండా డ్రిల్లుకు వెళ్లాలని నా మనవి.

విశాఖ నుంచి అండమాన్ వెళ్లే ఓడలో రెండు రోజులకు పైగా పడుతుంది. అందులో అసలు కష్టం కడుపులో తిప్పడం. దీన్ని కూడా మనం సౌకర్యం సమస్యే అనుకుంటాం. వాంతులతో నీరసించిన అరవై ఏళ్ల మనిషి ఊగుతున్న ఇనుప మెట్లు దిగుతూ జారితే తుంటి ఎముక విరుగుతుంది. కాబట్టి బుక్ చేసేటప్పుడే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో చోటు అడగండి, అక్కడ ఊపు తక్కువ. వాంతులు ఆపే మాత్ర వాంతులు మొదలయ్యాక కాదు, బయల్దేరేముందే వేసుకోవాలి. పెద్దవాళ్లయితే డాక్టర్‌ని అడిగి వేసుకోవాలి. ఖాళీ కడుపుతో ఉండొద్దు, కొంచెం కొంచెం తినాలి. ఫోను పక్కన పెట్టి డెక్ మీదకు వచ్చి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసేచోట చూపు నిలపాలి. మెట్ల మీద ఒక చెయ్యి ఎప్పుడూ కడ్డీ మీదే ఉండాలి.

రైలు దగ్గరికి మళ్లీ వస్తాను, మనలో ఎక్కువమంది బతుకు రైళ్లతోనే కాబట్టి.

సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి విశాఖ వైపు వెళ్లే బండి జనరల్ బోగీ చూడండి. తలుపు దగ్గర కాళ్లు వేలాడేసి కూర్చున్న కుర్రాళ్లు సరదాకి కూర్చోలేదు. లోపల నిలబడటానికి చోటు లేదు, ఊపిరి ఆడదు, బాత్రూం ముందు కూడా మనుషులే. తలుపు దగ్గర గాలి వస్తుంది. రాత్రి రెండింటికి కునుకు పడితే ఏమవుతుందో వాళ్లకు తెలియదా? తెలుసు. వాళ్లకు ఇంకో చోటు లేదు. ఫుట్‌బోర్డు ప్రయాణం ప్రాణాంతకం అని మైకులో ఎన్నిసార్లు చెప్పినా, ఇంకో రెండు జనరల్ బోగీలు తగిలించినంత పని జరగదు.

చిన్న స్టేషన్లలో దిగడం ఇంకో గండం. తుని, సామర్లకోట, అనకాపల్లి లాంటి చోట్ల చాలా బండ్లు ఒకటి రెండు నిమిషాలకు మించి ఆగవు. ఆ నిమిషంలో ముసలాయన, నాలుగు సంచులు, చంటిపిల్ల తల్లి దిగాలి, కింద కాచుకున్న వాళ్లు ఎక్కాలి. ఆ టెన్షన్‌తోనే జనం ఆగకముందే దూకుతారు. 2022 డిసెంబరులో దువ్వాడ స్టేషన్లో ఒక కాలేజీ అమ్మాయి దిగబోతూ రైలుకీ ప్లాట్‌ఫాంకీ మధ్య ఇరుక్కుపోయింది. ప్లాట్‌ఫాం పగలగొట్టి బయటికి తీశారు, అయినా మర్నాడు ఆస్పత్రిలో చనిపోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. స్టేషన్ రావడానికి ముందే సామాను తలుపు దగ్గరికి చేరుస్తాం. ఆగాక ముందు పెద్దవాళ్లు దిగుతారు, తర్వాతే సంచులు. బండి కదిలితే ఎవరూ దూకకూడదు, తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి వస్తే సరిపోతుంది. అమ్మ లోపల ఉండిపోయి మనం కింద ఉండిపోతే చైన్ లాగమని లోపలివాళ్లకు చెప్పడానికి భయపడకండి. సరైన కారణం లేకుండా లాగితేనే చట్టం ప్రకారం నేరం.

లోయర్ బెర్త్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు లోయర్ బెర్త్ కోటా ఉంది. కానీ అది టికెట్ మీద ఒక్కరు లేదా ఇద్దరు మాత్రమే, అదీ ఆ వయసు వాళ్లే ఉన్నప్పుడు పనిచేస్తుంది. మనం ఏం చేస్తాం? అందరం ఒకేచోట ఉండాలని ఆరుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తాం, దాంతో అమ్మానాన్నలకు ఆ కోటా పోతుంది. వాళ్లిద్దరికీ విడిగా తీయండి. పక్క బోగీలో పడ్డా ఫరవాలేదు, అర్ధరాత్రి నిచ్చెన మెట్లు ఎక్కి దిగడం కంటే అదే నయం.

మిడిల్ బెర్త్ గొలుసు కూడా చూసుకోవాలి. 2024 జూన్‌లో కేరళ నుంచి ఢిల్లీ వెళ్తున్న రైలు తెలంగాణ మీదుగా పోతుండగా పై బెర్త్ ఊడి కింద పడుకున్నాయన మెడ మీద పడింది. ఆస్పత్రికి తీసుకెళ్లినా ఆయన బతకలేదు. బెర్త్ పాడైపోలేదని, గొలుసు సరిగా తగిలించలేదని రైల్వే చెప్పింది. సరే, కానీ సరిగా తగలకపోయినా నిలబడ్డట్టే కనిపించే కొక్కెం పెడితే తప్పు ప్రయాణికుడిది ఒక్కడిదే ఎలా అవుతుంది? పడుకునే ముందు కింద ఉన్నవాళ్లు లేచి నిలబడి బెర్త్‌ను రెండు చేతులతో కిందికి గుంజి చూడాలి. నేను పక్కవాళ్లది కూడా గుంజి చూస్తాను, ఎవరేమనుకున్నా.

మంటల విషయం చెప్పకుండా ఉండలేను. 2012 జులైలో నెల్లూరు దగ్గర తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11, 2013 డిసెంబరులో అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ, రెండూ తెల్లవారుజామునే కాలిపోయాయి. అందరూ నిద్రలో ఉన్న వేళ. ఆ సమయంలో బయటికి దారి తెలిసి ఉండటమే సగం బలం. స్లీపర్‌లో ఎర్రరంగు వేసిన ఎమర్జెన్సీ కిటికీ ఏదో, ఏసీలో అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో ఎక్కగానే చూసుకోండి. నడవలో సూట్‌కేసులు పెట్టకండి, పెట్టనివ్వకండి. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో టీ కాచుకుంటుంటే గ్యాస్ సిలిండర్ అంటుకుని 9 మంది చనిపోయారు. రైల్లో సిలిండర్ తీసుకెళ్లడం నేరం, అందులో రెండో మాట లేదు. కానీ రోజుల తరబడి బోగీలోనే ఉండే పెద్దవాళ్లకు నమ్మకంగా వేడి టీ, తమ తిండి దొరికే ఏర్పాటు ఉంటే స్టవ్ సంచిలో పెట్టుకునే అవసరమే రాదు.

ఇక విమానం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు మన ఊళ్లలో ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ ఎక్కడో ఒకచోట మారి, ఇల్లు వదిలిన దగ్గర్నుంచి లెక్కేస్తే ఒక రోజు దాటే ప్రయాణం. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. ఆ ప్రమాదం మొత్తం మీద తక్కువే. కానీ వయసు, లావు, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, ఇవి కలిస్తే పెరుగుతుంది. పైగా విమానంలో గాలి బాగా పొడి. మా అమ్మ లాంటివాళ్లు అక్కడా నీళ్లు తాగరు.

ఎందుకు తాగరంటే, కిటికీ సీటిచ్చారు కాబట్టి. పక్కన ఇద్దరు పరాయి దేశం వాళ్లు దుప్పటి కప్పుకుని నిద్రపోతుంటారు. వాళ్లను లేపి "కొంచెం జరగండి" అనడానికి భాష రాదు, మొహమాటం. అందుకని ఎనిమిది గంటలు అలాగే బిగుసుకుని కూర్చుంటారు. దిగేసరికి పాదాలు చెప్పుల్లో పట్టవు. నడవ పక్క సీటు వీళ్లకు సుఖం కాదు, మందు. దాన్ని చాలా కంపెనీలు అదనపు డబ్బుకు అమ్ముతున్నాయి. డెబ్భై ఏళ్ల మనిషికి నడవ సీటు ఉచితంగా ఇవ్వాలని నియమం ఉండాలి. అది వచ్చేదాకా, పిల్లలూ, టికెట్ కొనేటప్పుడు ఆ కాస్త డబ్బు దగ్గర వెనకాడకండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయమని, కూర్చునే మడమలు పైకీ కిందికీ ఆడించమని నేర్పి పంపండి.

వీల్‌చైర్ గురించి కూడా ఒక మాట. నడవగలిగిన వాళ్లు కూడా అడుగుతున్నారని, అసలు అవసరమైన వాళ్లకు దొరకడం లేదని విమర్శ వినిపిస్తుంది. నిజమే. కానీ వాళ్లలో చాలామంది కాళ్లు నొప్పని అడగడం లేదు. తెలియని ఎయిర్‌పోర్టులో బోర్డులు చదవలేక, గేటు మారితే తెలియక, కనెక్షన్ తప్పిపోతుందని భయపడి అడుగుతున్నారు. వాళ్లకు కావాల్సింది చక్రాల కుర్చీ కాదు, భాష తెలిసిన తోడు మనిషి. హైదరాబాద్ నుంచి రోజూ ఇంతమంది వెళ్తున్నప్పుడు, మారే చోట తెలుగు వచ్చిన ఇద్దరు ముగ్గుర్ని పెడితే కుర్చీలు వాటంతటవే మిగులుతాయి.

సీటు బెల్టు విషయానికొస్తే, 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ మీద ఉండగా ఒక్కసారిగా కుదిపేసింది. అయిదు సెకన్ల లోపే 178 అడుగులు కిందికి పడింది. బెల్టు లేని వాళ్లు లేచి పైకప్పుకు కొట్టుకున్నారు. ఎంతోమంది గాయపడ్డారు, 73 ఏళ్ల ప్రయాణికుడొకరు చనిపోయారు. బెల్టు సిగ్నల్ ఆరిపోయినా కాస్త వదులుగా పెట్టుకునే ఉండండి. దుప్పటి మీదుగా పెట్టుకుంటే ఎయిర్ హోస్టెస్ మిమ్మల్ని నిద్రలేపి చూడాల్సిన పని ఉండదు.

2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వచ్చిన ఎమిరేట్స్ విమానం దుబాయ్‌లో నేలను కొట్టుకుని అంటుకుంది. లోపల తీసిన వీడియోలో పొగలోనే జనం పై అరల్లోంచి బ్యాగులు లాగుతూ కనిపిస్తారు. 300 మందీ బయటపడ్డారు, మంటలార్పడానికి వచ్చిన ఒక ఫైర్‌మన్ చనిపోయాడు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో మండుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలోంచి 379 మంది బ్యాగులు వదిలేసి దిగారు, అందరూ బతికారు. మనవాళ్లను తిట్టేముందు ఆ బ్యాగులో ఏముంటుందో ఆలోచించండి. గల్ఫ్ పనికి వెళ్లే మనిషికి పాస్‌పోర్టు, వీసా కాగితాలు, అప్పు చేసి తెచ్చిన డబ్బు అందులోనే. మా అమ్మకైతే నెల మాత్రలు, గాజులు. అది వదిలి దిగమంటే చెయ్యి రాదు.

అందుకే మెడలో వేసుకునే పల్చటి గుడ్డ సంచి ఒకటి కుట్టించాం. పాస్‌పోర్టు, మూడు రోజుల మాత్రలు, డాక్టర్ చీటీ, కళ్లజోడు, పిల్లల ఫోన్ నంబర్లు రాసిన కార్డు, కొంచెం డబ్బు అందులో పడతాయి. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా అది ఒంటి మీదే, చీర కొంగు కింద. మిగతా మందులు పై అరలో పెట్టే చేతిసంచిలో ఉంటాయి. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని కూడా ఆ చేతిసంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు. మెడ సంచి కుట్టడానికి దర్జీకి గంట పట్టలేదు. ముందు జేబు కొంచెం పెద్దది పెట్టమనండి, బోర్డింగ్ పాస్ మడవకుండా పట్టాలి.